రాగిని చదవని చరిత్ర: బూర్గంపాడు ఒడ్డున చిల్లర లెక్క

తెలుగు పరిశోధనలో నాణెం ప్రస్తావన వచ్చినప్పుడల్లా బంగారమే ముందుకు వస్తుంది. మాడ, గద్యాణం, వరహా, టంకం అనే మాటలకు మన శాసన పరిష్కర్తలూ కావ్య వ్యాఖ్యాతలూ తూకాలు చెబుతారు, కాలాలు నిర్ణయిస్తారు, పాఠభేదాలు చర్చిస్తారు. ఆ శ్రద్ధలో పదో వంతు కూడా డబ్బుకు, కాణీకి, పైకి, దమ్మిడీకి దక్కలేదు. ‘దమ్మిడీ: ఒక చిన్న నాణెం’ అని అధోజ్ఞాపిక రాసి సాగిపోవడం మనకు అలవాటయింది. ఎంత చిన్నది, ఎవరి రూపాయిలో ఎన్నో వంతు, ఏ ఒడ్డున చెల్లేది, ఏ ఒడ్డున చెల్లనిది అన్న ప్రశ్నలు ఆ అధోజ్ఞాపికకు పట్టవు. ఇది కేవలం అజాగ్రత్త కాదు, ఒక చరిత్ర దృష్టి. ఆ దృష్టి వల్ల తెలుగు నేల మీద అధిక సంఖ్యాకుల ఆర్థిక జీవితం మన పరిశోధనకు అందకుండా పోయిందన్నది ఈ వ్యాసం వాదన. ఈ వాదనను పరీక్షించడానికి గోదావరి ఒడ్డున కిన్నెరసాని సంగమానికి చేరువలో ఉన్న బూర్గంపాడుకు మించిన చోటు లేదు. దాదాపు ఒక శతాబ్దం పాటు ఆ ఊరి ముందు నది రెండు రాజ్యాలకే కాక రెండు రూపాయలకూ సరిహద్దుగా నిలిచింది.

బంగారం మాట్లాడిన కథ

ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్ర అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది భద్రాచల రామదాసు కథ. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించడం, గోల్కొండలో చెర అనుభవించడం, రామలక్ష్మణులు స్వయంగా వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించడం, ఆ రామమాడలు నేటికీ గౌరవం పొందడం అందరూ ఎరిగిన సంగతులు. కీర్తనలో సైతం పతకాలకూ మొలత్రాటికీ అయిన ఖర్చును గోపన్న వరహాల్లో, మొహరీల్లో ఏకరువు పెట్టాడు. భక్తి సాహిత్యంగా ఆ కీర్తన విలువను ఎవరూ కాదనలేరు. అయితే ఆ కథను మనం ఆర్థిక చరిత్రగా కూడా అలాగే స్వీకరించాం. ఆరు లక్షలు పైనుంచి దిగి వచ్చిన తీరు మనకు తెలుసు. అంతకు ముందు ఆ సొమ్ము కింది నుంచి పైకి ఎలా వచ్చిందో అడగలేదు. పరగణా శిస్తు రైతు నుంచి కరణానికి, కరణం నుంచి తహసీలుకు చేరే దారిలో ఎన్ని చేతులు మారి ఉంటుంది? ఎన్ని చోట్ల చిల్లర పెద్ద నాణెంగా మారి ఉంటుంది? ప్రతి మార్పులోనూ వట్టం ఎవరు తీసుకున్నారు? వరహా చివరి మెట్టు. మనం చివరి మెట్టును చూసి మెట్లవరస అంతటినీ చూశామనుకున్నాం.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. ఏ తానీషాకు రాముడు బంగారం చెల్లించాడని కథ చెబుతుందో ఆ తానీషా వంశపు నాణేలుగా నేడు మనకు లభిస్తున్నవి ప్రధానంగా రాగివి. కుతుబ్‌షాహీ సుల్తానులు తమ పేరు వేసి చెలామణిలోకి తెచ్చిన లోహం రాగి. 17వ శతాబ్దిలో డచ్చి కంపెనీ ఓడలు జపాను రాగిని కోరమండల తీరానికి చేర్చిన సంగతి వాణిజ్య చరిత్రకారులకు సుపరిచితం. అంటే గోల్కొండ రాజ్యంలో రాగి మారుమూల వ్యవహారం కాదు. సుల్తాను ముద్రకూ సముద్ర వాణిజ్యానికీ సంబంధించిన విషయం. ఇంకా వెనక్కి వెళితే, కోటిలింగాల వంటి చోట్ల దొరికిన శాతవాహన, శాతవాహన పూర్వ నాణేలు తెలంగాణ నాణెచరిత్రకు తొలి పుటలు. శాతవాహనుల నాణేల్లో అధిక భాగం సీసం, పోటిను, రాగి. తెలంగాణలో నాణెచరిత్ర మొదలైనదే తక్కువ వెల లోహంతో. దాన్ని బంగారు చరిత్రగా చదవడం మనం చేసుకున్న ఎంపిక.

సాహిత్యం నుంచి సాంఘిక చరిత్రను రాబట్టవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’తో నిరూపించారు. క్రీడాభిరామంలోని ఓరుగల్లు పూటకూటింటి భోజనం వెలను ఒక ఆధారంగా చూడగల చూపును మనకు అలవరచింది ఆ గ్రంథమే. భోజనం వెల రూక అని తెలిసిన తర్వాత రావలసిన తదుపరి ప్రశ్న ఒకటుంది: రూక లేనివాడు ఏం తిన్నాడు, దేనితో కొన్నాడు? ఆ ప్రశ్నను వేయడానికి దారి చూపిన గ్రంథం మన దగ్గర ఉంది. మనం ఆ దారిలో రూక దగ్గరే ఆగిపోయాం.

నదికి అటూ ఇటూ రెండు రూపాయలు

బూర్గంపాడు సంగతికి వద్దాం. 1860 నాటి ఒప్పందంతో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను ఆంగ్లేయులకు అప్పగించింది. అవి మొదట సెంట్రల్ ప్రావిన్సుల ఎగువ గోదావరి జిల్లాలో చేరాయి. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారాయి. కుడి ఒడ్డున బూర్గంపాడు హైదరాబాదు రాజ్యంలోనే నిలిచిపోయింది. వరంగల్ జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉండి, 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో భాగమైంది. భద్రాచలం 1959లో గాని ఖమ్మం జిల్లాలోకి రాలేదు. గుడి ఒక ఒడ్డున, గుడికి వచ్చే దారుల్లో ఒకటి మరో ఒడ్డున. మధ్యలో నది, నదితోపాటు హైదరాబాదు రాజ్యపు కరోడ్‌గిరీ సుంకం, సుంకంతోపాటు రెండు నాణేలు.

ఎడమ ఒడ్డున చెల్లేది ఆంగ్లేయుల రూపాయి. జనం నోట అది కల్దారు, అంటే యంత్రం మీద అచ్చయినది. కుడి ఒడ్డున చెల్లేది హాలీ సిక్కా, అంటే ప్రస్తుత చెలామణిలో ఉన్నది. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల స్థానిక టంకశాలలు వేర్వేరు నాణేలు వేస్తున్న స్థితి నుంచి హైదరాబాదు రాజ్యాన్ని ఒకే సిక్కా వైపు నడిపింది సాలార్ జంగ్ కాలపు సంస్కరణలు. రెండు రూపాయలూ పదహారు అణాలే, రెండింటి అణాలూ పన్నెండు పైలే. పేర్లు ఒకటే, వెలలు వేరు. స్థిరపడిన అధికారిక లెక్కలో నూరు కల్దారు రూపాయలకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీ. సూక్ష్మంగా చెబితే ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు.

పెద్ద మొత్తాల దగ్గర ఈ లెక్క సాఫీగా నడుస్తుంది. ఆరు వందల కల్దారు తెచ్చిన కలప వర్తకుడికి ఏడు వందల హాలీ వస్తుంది, శేషం ఉండదు. ఇదే లెక్కను రాగి దగ్గరకు దించి చూడాలి. ఒక కల్దారు అణా పద్నాలుగు హాలీ పైలకు సమానం. కల్దారు అర్ధణా ఏడు పైలు. కల్దారు కాణీ, అంటే పావు అణా, మూడున్నర పైలు. ఆ అర పైకి నాణెం లేదు. హైదరాబాదు టంకశాల రాగిలో వేసినవి ఒక పై, రెండు పైలు, అర్ధణా. ఆంగ్లేయుల చిల్లరకు వెన్నెముకగా ఉన్నది మూడు పైల కాణీ. ఆ రెండు వరుసలూ కలవవు. కల్దారు అర్ధణాకు తక్కువైన ఏ మొత్తమూ హాలీలోకి శేషం లేకుండా మారదు. ఇది అభిప్రాయం కాదు, కూడికలూ భాగహారాలూ వచ్చిన ఎవరైనా సరిచూడగల గణితం. ఎదురు దిశలోనూ అంతే. హాలీ అణా పది కల్దారు పైలకు కొంచెం ఎక్కువ, పదకొండుకు తక్కువ. ఏడు హాలీ అణాలు ఒక్కసారి మారిస్తే గాని ఆరు కల్దారు అణాలుగా లెక్క తెగదు.

లెక్క తెగని చోట మిగిలే శేషం గాలిలో కలిసిపోదు. ఎవరో ఒకరి చేతిలో మిగులుతుంది. ఒకేసారి ఏడు అణాలు మార్చగలవాడు దాన్ని పోగొట్టుకోడు. ఉప్పుకు కాణీ, పొగాకుకు కాణీ, రేవు దాటడానికి కాణీ అంటూ విడివిడిగా ఖర్చు పెట్టేవాడు ప్రతిసారీ పోగొట్టుకుంటాడు. వట్టం నిలకడగా లేని రోజుల్లో ఈ నష్టం పెరిగేదే గాని తరిగేది కాదు. సరిహద్దు పన్ను అంటే కరోడ్‌గిరీ ఒక్కటే అని మనం అనుకుంటాం. రసీదు లేని, చట్టం లేని, ఏ దస్త్రంలోకీ ఎక్కని మరో పన్ను చిల్లర మార్పులో ఉంది. అది మొత్తం తగ్గిన కొద్దీ బరువెక్కే పన్ను. గోదావరి సరిహద్దు చరిత్రను ఒప్పందాలతో, తాలూకాల బదిలీలతో రాసి ముగించడం అంటే ఈ పన్నును మళ్ళీ ఒకసారి దస్త్రానికి ఎక్కకుండా చేయడమే.

వస్తుమార్పిడి అనే వెసులుబాటు

ఇక్కడ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ అడవి అంచున నాణేలెక్కడివి, కోయలూ కొండరెడ్లూ వస్తుమార్పిడితో బతికారు కదా అని. జానపద, గిరిజన అధ్యయనాల్లో ఈ వాక్యం పదే పదే వినిపిస్తుంది. వినడానికి సానుభూతిగా ఉంటుంది. నిజానికి అది పరిశోధకుడికి ఒక వెసులుబాటు. నాణెం లేదని చెబితే లెక్క చూడవలసిన పని తప్పుతుంది.

రేకపల్లి ప్రాంతపు పోడు పన్ను ఈ వెసులుబాటును కొట్టివేస్తుంది. సెంట్రల్ ప్రావిన్సుల పాలనలో పోడు పన్ను గొడ్డలికి నాలుగు అణాలు. మద్రాసు పాలన వచ్చాక అది దాదాపు మూడింతలైంది, కొన్ని అడవుల్లో పోడు కొట్టడమే నిషిద్ధమైంది. రంపలో చిగురుపన్ను, అబ్కారీ కౌలుదార్ల పీడనతో 1879లో రగిలిన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఈ పెంపు ఒక కారణం. పన్ను గొడ్డలి మీద, అణాల్లో. అడవిలో పండేది జొన్న, దొరికేది చింతపండు, ఇప్పపూవు, కరక్కాయ. అణా చెట్టుకు కాయదు. అణా కావాలంటే అణా ఉన్నవాడి దగ్గరకు పోవాలి. ఆ ఒక్క అవసరంతోనే బేరం అతడి చేతికి పోతుంది. చింతపండు ఇచ్చి ఉప్పు తెచ్చుకున్నాడని మనం రాసే ‘వస్తుమార్పిడి’లో చింతపండుకూ ఉప్పుకూ వెల కట్టింది ఎవరు, ఏ లెక్కలో? షావుకారు ఖాతా అణాల్లోనే నడుస్తుంది. నాణెం చేతులు మారకపోవచ్చు, లెక్క మాత్రం నాణెంలోనే ఉంటుంది. ఇది నాణెం లేని ఆర్థిక వ్యవస్థ కాదు. నాణెం ఒక పక్కనే ఉన్న ఆర్థిక వ్యవస్థ. రెండింటి మధ్య తేడా న్యాయానికీ అన్యాయానికీ మధ్య ఉన్నంత పెద్దది.

1940ల తొలినాళ్ళలో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య పనిచేసిన క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ను వెలువరించాడు. కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో ఆ జనం చిక్కుకున్న తీరు ఆయన పరిశీలనలో ముఖ్యాంశం. ఆ తర్వాత ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. అప్పు ఉన్నదంటే లెక్క ఉన్నట్టే. లెక్క ఉన్నదంటే ప్రమాణం ఉన్నట్టే. ఆ ప్రమాణం నాణెం. 1956లో గిరిజన సహకార సంస్థను నెలకొల్పి, అడవి సరుకు కొనుగోలుకూ నిత్యావసరాల అమ్మకానికీ ప్రభుత్వమే పూనుకోవలసి వచ్చిందంటే, ఆ చిన్న బేరాల్లో జరుగుతున్నది వేడుకైన వస్తువినిమయం కాదని పాలకులు సైతం గుర్తించారన్నమాట. మన వ్యాసాలే ఇంకా గుర్తించలేదు.

ఇతర ప్రాంతాల చరిత్రకారులు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. పొరుగున ఉన్న ఒరిస్సాలో గవ్వల్లో నడిచే లెక్కను కాదని ఆంగ్లేయులు శిస్తును వెండి రూపాయల్లో అడగడం 1817 నాటి ఖుర్దా పైకుల తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటని అక్కడి చరిత్ర రచన చెబుతుంది. దక్కను గ్రామాల్లో రాగీ గవ్వా ఎంత విస్తారంగా చెలామణి అయ్యాయో ఫ్రాంక్ పెర్లిన్ 1980లలో చూపి, గ్రామం నాణెం ఎరగదన్న భావనను కదిలించాడు. ఐరోపా చిల్లర కొరతపై కార్లో చిపొల్లా మొదలుకొని సార్జెంట్, వెల్డేల దాకా పెద్ద చర్చే నడిచింది. చిల్లర చిన్న విషయం కాదని వారందరికీ తెలిసింది. మన భాషలో ‘చిల్లిగవ్వ లేదు’ అన్న నుడికారం రోజూ వినిపిస్తున్నా, గవ్వ ఒకప్పుడు చెలామణి అయిన ద్రవ్యమని గుర్తుచేసే వ్యాఖ్య మాత్రం అరుదు.

పదాలే దస్త్రాలు

ఇది ఆర్థిక శాస్త్రజ్ఞుల పని, తెలుగు శాఖకు ఏం సంబంధం అనేవారికి జవాబు మన భాషలోనే ఉంది. సొమ్ముకు తెలుగువాడి వాడుక మాటలు చూడండి. కోస్తాలో డబ్బు, తెలంగాణలో పైసలు, రాయలసీమలో దుడ్డు. మూడూ చిల్లర నాణేల పేర్లే. ఏ ప్రాంతంలోనూ జనం సొమ్మును వరహాలని గాని, గద్యాణాలని గాని పిలవలేదు. కావ్యం బంగారాన్ని పేర్కొంది, నోరు రాగిని పేర్కొంది. ధనం అన్న భావానికే రాగి పేరు పెట్టుకున్న భాషలో రాగి చరిత్ర లేకపోవడం మన శాఖలకు శోభించదు.

‘డబ్బు’ అన్న ఒక్క మాటను విప్పి చూస్తే ఎంత చరిత్ర ఉందో తెలుస్తుంది. 1794లోనూ 1797లోనూ ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులో యంత్రం మీద అచ్చు వేయించిన రాగి నాణేల మీద, రూపాయికి నలభై ఎనిమిది అన్న లెక్క అక్షరాల్లో ఉంది. రూపాయికి నలభై ఎనిమిదంటే అణాకు మూడు, ఒక్కొక్కటి నాలుగు పైలు. అదే డబ్బు. ఆ తర్వాత 19వ శతాబ్ది మధ్యనాటికి దేశమంతటా స్థిరపడిన రాగి నాణెం పావు అణా, అంటే రూపాయికి అరవై నాలుగు. అది కాణీ. అణాను మూడుగా పంచే లెక్క పోయి నాలుగుగా పంచే లెక్క వచ్చింది. డబ్బు టంకశాల నుంచి వెళ్ళిపోయింది, నోట నిలిచిపోయింది. నాణెం పోయాక పేరు విస్తరించి సొమ్ము మొత్తానికీ పేరైంది. అర్థవిస్తరణకు ఉదాహరణగా మన భాషాశాస్త్ర పాఠాల్లో చేర్చదగిన మాట ఇది. సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో డబ్బు నాణెంగానూ సొమ్ముగానూ నమోదైంది. ఆ రెండు అర్థాల మధ్య ఒక ప్రభుత్వ నిర్ణయం ఉందని మన వ్యాఖ్యానాలు చెప్పాలి.

‘పదహారణాల తెలుగు’ అన్న ప్రశంస మరో దస్త్రం. పదహారణాలు అంటే సంపూర్ణం. కాని ఏ రూపాయి పదహారణాలు? బూర్గంపాడులో సంపూర్ణమైన హాలీ పదహారణాలు గోదావరి దాటి భద్రాచలంలో దిగితే అధికారిక లెక్కలోనే పదమూడు అణాల ఎనిమిది పైలు, పైన కొద్దిపాటి. తెలంగాణ కథలోనో ఆత్మకథలోనో ‘రెండు రూపాయల కూలి’ అని కనిపించినప్పుడు అది హాలీయా కల్దారా అని చెప్పని సంపాదకుడు పాఠకుడికి ఏడింట ఒక వంతు తప్పు చెబుతున్నాడు. ఛందస్సులో ఒక మాత్ర తప్పితే సహించని మనం కూలిలో ఏడో వంతు తప్పితే ఎందుకు సహిస్తున్నాం?

నాణెం మీది లిపిని చూసినా ఇదే కథ. 1807, 1808 ప్రాంతంలో మద్రాసు ఫణాల మీద తెలుగు, తమిళ అక్షరాలు కనిపిస్తాయి. 20వ శతాబ్ది ఆరంభంలో వచ్చిన ఆంగ్లేయుల నికెలు అణా మీద ‘ఒక అణా’ అని తెలుగులో ఉంది. హైదరాబాదు రాజ్యం 1918లో నోట్లు మొదలుపెట్టినప్పుడు వాటి మీద తెలుగుకు చోటిచ్చింది. కాణీ మీద మాత్రం ఆ రోజుల్లో తెలుగు లేదు. హైదరాబాదు రాగి పై మీదా లేదు. అణా పట్టినవాడికీ నోటు పట్టినవాడికీ తెలుగులో చెప్పారు. రాగి పట్టినవాడు బొమ్మనూ పరిమాణాన్నీ చూసి పోల్చుకోవలసిందే. అడవి నుంచి అంగడికి వచ్చిన మనిషి ఏ నాణేన్ని ఏమని తీసుకున్నాడన్నది అక్షరాస్యత చరిత్రకు కూడా చెందిన ప్రశ్న.

రెండు ఆక్షేపణలు

ఈ వాదనకు రాగల ఆక్షేపణల్లో రెండు బలమైనవి. మొదటిది ఆధారాల గురించి. బంగారానికి శాసనాలున్నాయి, రాగికి ఏమున్నాయి? రాగిని శిలల మీద దానం చేసినవాడు అరుదన్నది నిజమే. అందుకే రాగి చరిత్రకు వేరే ఆధారాలు వెతకాలి. షావుకార్ల ఖాతా పుస్తకాలు, గుడి జమాఖర్చులు, పటేలు పట్వారీల దస్త్రాలు, అన్నిటికీ మించి వాడుక మాటలు. కుడి ఒడ్డు సర్కారు దస్త్రాలు ఎక్కువగా ఉర్దూలో, ఎడమ ఒడ్డువి ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ రెంటి మధ్య ఊరి అంగడి లెక్కలు నడిచింది తెలుగులో. ఆ గొలుసుకట్టు రాతను చదవగలిగే శిక్షణ ఇవ్వవలసినది తెలుగు శాఖే. ఆధారాలు లేవనడం, వాటిని చదివేవారిని తయారు చేయకపోవడం ఒకటి కాదు.

రెండో ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. సరిహద్దు జనానికి రెండు లెక్కలూ అలవాటే, అర పై తేడాను వారు పట్టించుకోలేదు, మనం లేని బాధను ఊహిస్తున్నామని. ఈ ఆక్షేపణలో ఒక నిజం ఉంది. రెండు నాణేల మధ్య బతికినవారు అమాయకులు కారు. ఏది ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ మార్చాలో, ఎప్పుడు దాచాలో వారికి తెలిసి ఉంటుంది. నదికి ఇరువైపులా చుట్టరికాలున్న చోట ఆ నేర్పు లేకుండా బతుకు సాగదు. అయితే అలవాటు నష్టానికి రుజువు కాకపోవచ్చు గాని, నష్టం లేదనడానికీ రుజువు కాదు. పైపెచ్చు ఆ నేర్పే మనం నమోదు చేయవలసిన విజ్ఞానం. చేనేతకారుడి లెక్కను విజ్ఞానమని గౌరవించే మనం రెండు రూపాయల మధ్య నోటితో లెక్క కట్టిన మనిషి నేర్పును ఎందుకు వదిలేయాలి? అతడిని అమాయకుడిగానూ బాధితుడిగానూ మాత్రమే చూపే సానుభూతి కూడా అతడి లెక్కను చదవని చదువే.

చేయవలసిన పని

ఈ పనికి గడువు ఉంది. 1956లో రాష్ట్రం మారింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది, అదే కాలానికి హాలీ సిక్కా చెలామణి ముగిసింది. బూర్గంపాడు మనిషి మూడేళ్ళ వ్యవధిలో హాలీ, కల్దారు, నయా పైసా అనే మూడు లెక్కలను ఒకే జేబులో మోశాడు. దశాంశ పద్ధతిలోనూ శేషం పేదవాడినే వెతుక్కుంటూ వచ్చింది. రూపాయికి అరవై నాలుగైన కాణీ నూరు పైసల లెక్కలో ఒకటిన్నరకు కొంచెం పైన. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే రెండు పైసలు. అణా అదే సవరణలో ఆరు పైసలు. అణా సరుకు ఒకేసారి కొన్నవాడికి ఆరు, అదే సరుకు కాణీ చొప్పున నాలుగుసార్లు కొన్నవాడికి ఎనిమిది. ఈ అనుభవాన్ని చెప్పగలవారు ఇంకా కొందరున్నారు. 1950లో పదిహేనేళ్ళున్న మనిషికి నేడు తొంభై దాటుతున్నాయి.

మరో గడువు నీటిది. ఒకప్పటి బూర్గంపాడు తాలూకాలోని కుక్కునూరు, వేలేరుపాడు మండలాలూ, నేటి బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలూ పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊళ్ళు కదిలినప్పుడు ఇళ్ళతోపాటు సంతలు కదులుతాయి, సంతలతోపాటు లెక్కలు చెదురుతాయి. అటక మీది ఖాతా పుస్తకానికి పునరావాస జాబితాలో పరిహారం ఉండదు.

కాబట్టి ఈ వ్యాసం మూడు పనులను ప్రతిపాదిస్తుంది. మొదటిది, నిజాం పాలిత ప్రాంత రచనలను పరిష్కరించి ప్రచురించే సంపాదకులు ద్రవ్యం ప్రస్తావన ఉన్న ప్రతి చోటా అది హాలీయో కల్దారో సందర్భాన్ని బట్టి నిర్ణయించి చెప్పాలి. ‘ఒక చిన్న నాణెం’ అన్న అధోజ్ఞాపికను మన శాఖలు ఇకపై సిద్ధాంత గ్రంథాల్లో అంగీకరించకూడదు. రెండోది, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయంతో, 1971లో చేనేతతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల పద్ధతిలోనే నాణెం, కొలత, తూకం, వట్టం, అప్పు, సంత అన్నవాటి పదకోశం ఒకటి రావాలి. దానికి క్షేత్రపరిశోధన గోదావరి ఇరు ఒడ్డుల నుంచి మొదలు కావాలి. తెలుగుతోపాటు కోయ మాటలనూ సేకరించాలి. మూడోది, స్నాతకోత్తర స్థాయిలో శాసన లిపికి ఇస్తున్న స్థానంలో కొంతైనా గొలుసుకట్టు రాతకూ పాత లెక్కల పద్ధతికీ ఇవ్వాలి. కాకతీయుల శాసనం చదవగలిగి, ముత్తాత అప్పు పత్రం చదవలేని పరిశోధకుడిని తయారు చేయడం విద్య కాదు.

2011 జూన్ 30తో పావలా నాణెం కూడా చెలామణి నుంచి తొలగిపోయింది. అయినా ‘పావలా వడ్డీ’ అన్న మాట ప్రభుత్వ పథకానికి పేరై నిలిచింది, అప్పు పుచ్చుకున్న ప్రతి స్త్రీకీ దాని లెక్క తెలుసు. నాణెం పోయినా లెక్క నోటిలో బతుకుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ నోటిని వినడానికి మన శాఖలు బయలుదేరవలసిన చోటు గోల్కొండ ఖజానా కాదు. బూర్గంపాడు రేవు.